ఫ్రిజ్‌లో పెట్టిన రక్తం

మా పెద్దమ్మ ఒక మనిషి మీద పదమూడేళ్లు పగ పట్టింది. ఇంట్లో కూర్చుని తిట్టుకునే రకం పగ కాదు. ఆ పగ కోసం రోజూ ఎనిమిదిన్నరకల్లా పనిలోకి వెళ్లేది. సైన్సు చేసేవాళ్లు శాంతంగా కళ్లజోడు తుడుచుకుంటూ లోకం బాగు గురించి ఆలోచిస్తుంటారని అనుకునేవాళ్లు ఆవిణ్ణి చూడలేదు. కళ్లజోడు తుడుచుకునే మాట నిజమే. అప్పుడు ఆవిడ ఆలోచించేది మాత్రం ఆ మనిషి గురించే.

ఆవిడ ఇమ్యునాలజిస్టు. అంటే ఒంట్లోకి జబ్బు జొరబడితే తిరగబడే తెల్లకణాల చదువు. ఇరవై ఆరేళ్లుగా హెచ్‌ఐవీ టీకా కోసం పనిచేస్తోంది. టీకా కనిపెట్టేది ఆవిడ కాదు. కనిపెట్టేవాళ్లు వేరే ఉంటారు, వాళ్ల ఫొటోలు పేపర్లో పడతాయి. ఆ టీకాను ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లకు వేశాక, వాళ్ల రక్తం గొట్టాల్లో ఈవిడ దగ్గరికి వస్తుంది. దాన్ని మిషన్‌లో గిర్రున తిప్పి తెల్లకణాలు వేరు చేస్తారు. చచ్చిపోకుండా గడ్డకట్టించి దాస్తారు. తర్వాత బయటికి తీసి వాటికి వైరస్ ముక్కలు చూపిస్తారు. వైరస్ కాదు, ప్రాణం లేని ముక్కలు. టీకా పనిచేసి ఉంటే కొన్ని కణాలు ఆ ముక్కల్ని గుర్తుపట్టి రెచ్చిపోతాయి. రెచ్చిపోయిన ప్రతి కణం ప్లేటు అడుగున ఒక చుక్క వదిలిపెడుతుంది. ఆ చుక్కలు లెక్కపెట్టడం మా పెద్దమ్మ ఉద్యోగం.

"ఇంతేనా?" అన్నాను మొదటిసారి విన్నప్పుడు.

"ఇంతే. కాలేజీ మానేసిన నీకే అర్థమైందంటే ఇంక అందరికీ అర్థమైనట్టే," అంది.

ఎవరికి టీకా పడిందో, పోల్చి చూడడానికి ఎవరికి వట్టి ఉప్పునీళ్లు పడ్డాయో లెక్కపెట్టేవాళ్లకు చెప్పరు. గొట్టం మీద పేరు ఉండదు, అంకె ఉంటుంది. తెలిస్తే కన్ను మోసం చేస్తుందట. కావలసిన చోట లేని చుక్కలు కూడా కనిపిస్తాయట.

ఈ ఇరవై ఆరేళ్లలో ఆవిడ చేతి మీదుగా వెళ్లిన టీకా ఒక్కటీ జనంలోకి రాలేదు. మా పెదనాన్న లిఫ్టుల మెకానిక్. "నేను బాగుచేసిన లిఫ్టు ఒక్కటి కూడా పైకి వెళ్లకపోతే నన్ను ఎన్నాళ్లు పనిలో ఉంచుతారే?" అని ఏడిపించేవాడు.

"మీ లిఫ్టు ఎందుకు వెళ్లలేదో చెప్పే పని నాది. నన్ను తీసేస్తే మీరు మళ్లీ అదే తప్పు చేస్తారు," అనేది ఆవిడ.

ఇక ఆ మనిషి సంగతి. ల్యాబులో అందరూ ఆయన్ని పెద్దసారు అనేవాళ్లు. మా ఇంట్లో మాత్రం ఆయన పేరు ఫ్రిజ్.

పదమూడేళ్ల కిందట పెద్దసారు ఒక పెద్ద పరిశోధన సంస్థలో ల్యాబుకి అధిపతి. మా పెద్దమ్మ ఆయన కింద రెండో స్థానంలో ఉండేది. ఒక శుక్రవారం ముప్పై ఎనిమిది మంది వాలంటీర్ల రక్తం రావలసి ఉంది. ఆ రోజు ఆవిడకు నూట మూడు జ్వరం. పొద్దున రావలసిన రక్తం క్లినిక్‌లో ఆలస్యమై సాయంత్రానికి వచ్చింది. మర్నాటి నుంచి మూడు రోజులు సెలవులు. ఆవిడ మంచం మీద నుంచే ఫోన్ చేసింది.

"సార్, గొట్టాలు బల్ల మీదే ఉంచండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టించొద్దు. టెక్నీషియన్‌ని ఉండమనండి, ఎనిమిది గంటల్లోపు తిప్పెయ్యాలి."

"నాకు పాఠం చెప్తున్నావా? జ్వరం వచ్చినదానివి పడుకోమ్మా," అన్నాడు పెద్దసారు.

చల్లగా ఉంటే రక్తం పాడవదని లోకమంతా అనుకుంటుంది. దానం చేసిన రక్తాన్ని ఫ్రిజ్‌లోనే కదా పెడతారు. ఎర్రకణాల వరకూ అది నిజం. తెల్లకణాల సంగతి వేరు. రాత్రంతా చలిలో పడుకుంటే అవి చచ్చిపోవు గానీ మొద్దుబారిపోతాయి. వైరస్ ముక్క చూపిస్తే దారిన పోయేవాణ్ణి చూసినట్టు చూసి ఊరుకుంటాయి. రోజూ గొట్టాలు పట్టుకునేవాళ్లకు ఇది తెలుసు. పెద్దసారు గొట్టం పట్టుకుని అప్పటికే పదిహేనేళ్లయింది. ఆయన రక్తాన్ని పాలనుకున్నాడు. ముప్పై ఎనిమిది మందిదీ ఫ్రిజ్‌లో పెట్టించి, టెక్నీషియన్‌ని ఇంటికి పంపేసి, ఎవరో పిలిచిన విందుకు వెళ్లాడు.

మర్నాడు మధ్యాహ్నం టెక్నీషియన్ వచ్చి ఫ్రిజ్ తలుపు తీసి చూసి మా పెద్దమ్మకు ఫోన్ చేశాడు. "మేడమ్, అన్నీ ఫ్రిజ్‌లోనే ఉన్నాయి. ఏం చెయ్యను?" అన్నాడు. ఆ తర్వాత ఆ మాట ఇంకెవరి ముందూ ఎత్తలేదు. ఉద్యోగం పోతుందని భయం.

చుక్కలు రాలేదు. ఎందుకు రాలేదని ప్రయోగాన్ని పర్యవేక్షించే కమిటీ అడిగింది. పెద్దసారు రిపోర్టులో ఒకే ఒక్క వాక్యం రాశాడు: 'చుక్కలు చదివినవారి అజాగ్రత్త వల్ల ఈ ఫలితాలు నమ్మదగినవి కావు.' చదివినవారు ఎవరో తెలియడానికి పేజీ అడుగున మా పెద్దమ్మ పేరు. కమిటీ ముందు ఆవిడ ఫ్రిజ్ మాట ఎత్తింది.

"ఆ రోజు నువ్వు ల్యాబులో ఉన్నావామ్మా?" అని అడిగాడు పెద్దసారు, ఎంతో మర్యాదగా.

లేదు. టెక్నీషియన్ నేల చూపులు చూశాడు. నెల తిరక్కుండా ఆవిణ్ణి ప్రయోగం నుంచి తీసేశారు. ఆ తర్వాత ఆవిడే రాజీనామా ఇచ్చి వచ్చేసింది.

ఇలాంటి ల్యాబుల్లో తప్పు జరిగితే రాసే కాగితం ఒకటి ఉంటుంది. పనిచేసేవాళ్లు దాన్ని తప్పు కాగితం అంటారు. ఏం జరిగింది, ఎప్పుడు, ఎంతకాలం, ఎవరి వల్ల, ఎందుకు జరిగింది, కింద సంతకం. గొట్టం పగిలినా రాయాలి, గడియారం ఐదు నిమిషాలు తప్పినా రాయాలి. రాసినందుకు ఎవరూ ఏమీ అనరు, దాచితేనే అంటారు. మా పెద్దమ్మకు కావలసింది ఆ కాగితమే. ఆయన క్షమాపణ అక్కర్లేదు, పోయిన కుర్చీ అక్కర్లేదు. ఆ శుక్రవారం గురించి ఆయన తన చేత్తో రాసిన తప్పు కాగితం ఒక్కటి కావాలి.

దానికోసం ఆవిడ చేసిన పని చూడండి. ఊళ్లో రక్తపరీక్షలు చేసే ఒక మామూలు సంస్థలో చేరింది. వాళ్లిచ్చిన గది నేల కింద, కార్లు పెట్టే చోటు పక్కన. తల మీద నీళ్ల పైపులు. ఎవరైనా కారు వెనక్కి తీస్తే మైక్రోస్కోపు వణికేది. అక్కడ మొదలుపెట్టి పదమూడేళ్లలో ఆ సంస్థలో మూడో అంతస్తు మొత్తం తన ల్యాబు చేసుకుంది. చుక్కలు సరిగ్గా లెక్కపెడుతున్నారో లేదో చూడడానికి ఆరు నెలలకొకసారి ల్యాబులన్నిటికీ ఒకే రకం కణాలు పంపి పరీక్ష పెడతారు. అందులో వరసగా తొమ్మిదిసార్లు ఆవిడ ల్యాబే మొదటిది. రక్తం వచ్చే రోజుల్లో ఆవిడ ల్యాబులో ఫ్రిజ్‌కి తాళం. తాళంచెవి ఆవిడ కోటు జేబులో. రక్తం తెచ్చే ప్రతి పెట్టె అడుగున, థర్మోకోల్ అట్ట కింద, బొత్తాం అంత పరికరం ఒకటి ఉంటుంది. పెట్టె ఎంత చలిలో, ఎంత వేడిలో, ఎంతసేపు ఉందో అది నిమిషం నిమిషం రాసుకుంటుంది. ఇదంతా ఎక్కడా చెప్పని నియమం. ఆవిడే పెట్టుకుంది.

పాత టెక్నీషియన్ కూడా ఆవిడ దగ్గరికే వచ్చి చేరాడు. పెద్దసారు దగ్గర అతని ఉద్యోగం ఎలాగూ మూడేళ్లకే పోయింది. ఆవిడ కాదనలేదు. కానీ పదేళ్లపాటు ప్రతి శుక్రవారం సాయంత్రం అతను సంచి సర్దుకుంటుంటే అందరి ముందూ అడిగేది: "ఏమయ్యా, ఫ్రిజ్‌లో ఏమన్నా ఉన్నాయా?"

"ఏమీ లేవు మేడమ్," అనేవాడు, చెవులు ఎర్రబడి.

"చూసి చెప్పు."

వెళ్లి చూసి వచ్చి చెప్పేవాడు. ఒకసారి ఉండబట్టలేక అన్నాడు: "మేడమ్, ఇన్నిసార్లు చంపే బదులు ఒక కాగితం ఇవ్వండి. ఆ రోజు నేను చూసిందంతా రాసి సంతకం పెడతాను. కమిటీకి పంపించండి."

"వద్దు. నువ్వు రాస్తే అది నీ కాగితం అవుతుంది. ఆయన రాయాలి."

మా అమ్మ, అంటే ఆవిడ చెల్లెలు, ఈ మాట విని తల పట్టుకుంది. "అక్కా, సాక్షి తనంతట తనే రాస్తానంటే వద్దన్నావా? నీకేమన్నా పిచ్చా? ఇంతకీ నువ్వు పనిచేసేది టీకా వచ్చేదాకానా, ఆ ఫ్రిజ్‌గాడు వచ్చేదాకానా?"

"టీకా ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదే. వాడు మాత్రం వస్తాడు. వాడి రక్తం చదవడానికి నా కంటే మంచి ల్యాబు ఉండకుండా చేస్తున్నా. ఎక్కడికి పోతాడు?"

వచ్చాడు. పదమూడో ఏట. ఈసారి టీకా ఆయన సొంతం, ఆయన పేరు మీద నడుస్తున్నది. చుక్కలు బయటి ల్యాబులోనే చదివించాలని కమిటీ పట్టుబట్టి, పరీక్షలో మొదట వచ్చిన ల్యాబుకి అప్పగించింది. అదెవరిదో తెలిశాక ఆయన రెండు నెలలు ఉత్తరాలు నడిపాడు, మార్పించడానికి. కుదరలేదు. చివరికి పెద్దమనిషిలా చేతులు కట్టుకుని ల్యాబు చూడడానికి వచ్చాడు.

"ఏమ్మా, బాగున్నావా? చాలా ఎదిగావు. నా దగ్గర నేర్చుకున్నదంతా ఇక్కడ కనిపిస్తోంది," అన్నాడు.

"అవును సార్. అందుకే ఫ్రిజ్‌కి తాళం వేశాను," అంది మా పెద్దమ్మ.

ఆయన గట్టిగా నవ్వాడట. వెనకాల టెక్నీషియన్ చేతిలోంచి గొట్టాల స్టాండు జారి కింద పడిందట. ఖాళీదే. అయినా తప్పు కాగితం రాయించింది.

ఐదు నెలలు పని సాఫీగా నడిచింది. ఆయన రక్తాన్ని ఆవిడ అందరి రక్తంలాగే చూసింది. ఇంకా ఎక్కువ జాగ్రత్తగా చూసిందని టెక్నీషియన్ చెప్పాడు. ఒక్క వేలెత్తి చూపే సందు కూడా ఇవ్వకూడదని.

ఆరో నెలలో ఒక సోమవారం పొద్దున పెట్టె వచ్చింది. ఇరవై నలుగురి రక్తం. ఆఖరి డోసు పడిన పధ్నాలుగో రోజు తీసింది. ప్రయోగం మొత్తానికి ప్రాణం ఆ రోజే. టీకా కణాల్ని రెచ్చగొట్టి ఉంటే అప్పుడే ఎక్కువ కనిపించాలి. పెట్టె మీది కాగితంలో ఆ రోజు పొద్దున ఏడింటికి తీసినట్టు రాసి ఉంది. టెక్నీషియన్ మొదటి నాలుగు గొట్టాలు తిప్పి, బయటికి తీసి, వెలుతురుకి ఎదురుగా పట్టుకున్నాడు. తెల్లకణాలు పల్చటి మబ్బు తెరలాగ తేటగా నిలబడాలి. ఆ తెర మురికిగా, ఎర్రటి చారలతో ఉంది.

అతను గొట్టం తెచ్చి మా పెద్దమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ చూసింది. పెట్టె అడుగు నుంచి బొత్తాం తీసి కంప్యూటర్‌కి తగిలించింది. గీత కనిపించింది. ఆదివారం మధ్యాహ్నం దాకా గది వేడి. తర్వాత సర్రున కిందికి దిగి, నాలుగు డిగ్రీల దగ్గర సోమవారం పొద్దుటిదాకా నేల మీద గీసినట్టు చదునుగా ఉంది.

ఆదివారం తీసిన రక్తం. పెద్దమ్మ క్లినిక్‌కి ఫోన్ చేస్తే సంగతంతా బయటపడింది. క్లినిక్ నర్సు ఫోన్ చేసి, ఆదివారం తీసుకెళ్లే బండి రాలేదు, ఏం చెయ్యమంటారు అని అడిగితే, "పెట్టె పెట్టెగా ఫ్రిజ్‌లో తోసెయ్, చల్లగా ఉంటే ఏమీ కాదు," అన్నాడు పెద్దసారు. పొద్దున పెట్టె మీది కాగితంలో రక్తం తీసిన రోజు, గంట కూడా మార్పించాడు. అదే మనిషి, అదే ఫ్రిజ్, అదే తెలివి. పదమూడేళ్లలో ఒక్క గొట్టం గురించి ఒక్కరిని కూడా అడిగి తెలుసుకోలేదు.

ఆ సాయంత్రం మా ఇంట్లో మా అమ్మ చెయ్యి ఊపుతూ చెప్పింది. "అక్కా, నోరు మూసుకో. ఆ రక్తం అలాగే చదివెయ్. చుక్కలు రావు. వాడి టీకా అక్కడికక్కడే చస్తుంది. నీ తప్పేముంది? వాడిచ్చింది నువ్వు చదివావు."

"నిజమే," అంది పెద్దమ్మ.

"మరింకేం?"

"ఎందుకు చచ్చిందో వాడికి తెలీకుండా చస్తుందే. టీకా మంచిది కాదేమో అనుకుని ఇంకో టీకా మొదలుపెడతాడు. నాకది చాలదు. వాడికి తెలియాలి."

ఆవిడ ఆ పని మానింది మంచితనం వల్ల కాదు. ఆ మాట నేను దాచను. నేను కూడా మా అమ్మ పక్షమే.

ఇంకో దారి ఉంది. ఆ వాలంటీర్ల దగ్గర రక్తం మళ్లీ తీయొచ్చు. పధ్నాలుగో రోజు దాటినా నాలుగైదు రోజుల వరకూ లెక్కకి పనికొస్తుంది. అంటే శుక్రవారం దాకా గడువు. కానీ మళ్లీ పిలవాలంటే ఏం తప్పు జరిగిందో ప్రయోగం నడిపే పెద్దసారే సంతకం పెట్టి చెప్పాలి. లేదా మా పెద్దమ్మే సోమవారం ఒక్క ఫోన్ కొట్టి ఉంటే కమిటీయే ఆయన మెడలు వంచి పిలిపించేది. ఆవిడ కమిటీకి ఫోన్ కొట్టలేదు. ఆయనకి కొట్టింది.

మంగళవారం పదింటికి పెద్దసారు వచ్చాడు. ఆవిడ గదిలో బల్ల, రెండు కుర్చీలు, గోడకి గడియారం. టెక్నీషియన్‌ని తలుపు దగ్గర నిలబెట్టింది. కంప్యూటర్‌లో గీత చూపించింది. ఆయన కాసేపు చూశాడు.

"సరే, ఏదో పొరపాటు జరిగింది. ఇప్పుడేమంటావు?"

"రెండు కాగితాలు సార్." ఖాళీ తప్పు కాగితాలు రెండు బల్ల మీద పెట్టింది. "ఒకటి నిన్నటి పెట్టెది. ఒకటి పదమూడేళ్ల కిందటి శుక్రవారానిది. వరస ప్రకారం పాతది ముందు రాయండి."

"పాతదేంటి? దానికీ దీనికీ ఏం సంబంధం?"

"ఫ్రిజ్."

ఆయన మొహం నల్లబడింది. "ఇది బెదిరించడం. తెలుసా నీకు?"

"తెలుసు సార్."

"కొత్తది రాస్తాను. పాతది రాయను. దానికి సాక్ష్యం లేదు."

"ఉంది సార్," అన్నాడు తలుపు దగ్గర నుంచి టెక్నీషియన్. "నేనే తలుపు తీశాను."

పెద్దసారు అతని వైపు చూడనైనా లేదు. "అమ్మా, నువ్వు చిన్నదానివి కాదు. నా టీకా పనిచేస్తే ఎంతమంది బతుకుతారో ఆలోచించు. నీ పంతం కోసం వాళ్లని ఆపుతావా?"

"ఆపుతోంది మీరే సార్. పెన్ను మీ జేబులోనే ఉంది."

ఆయన లేచి వెళ్లిపోయాడు. రెండు కాగితాలూ ఖాళీగానే మిగిలాయి.

బుధవారం ఆయన ఫోన్ చేయలేదు. ఆవిడా చేయలేదు. ఆ రోజంతా మా పెద్దమ్మ మామూలుగా పనిచేసింది, మామూలుగా టీ తాగింది. టెక్నీషియన్ మాత్రం రెండుసార్లు వచ్చి నిలబడ్డాడు. రెండోసారి అడిగాడు: "మేడమ్, ఇంకా రెండు రోజులే ఉంది. కొత్తది ఒక్కటి చాలంటే ఈ క్షణం రాస్తాడు కదా. పాత సంగతి తర్వాత చూసుకోవచ్చు కదా?"

"తర్వాత రాయడు. ఇప్పుడే రాస్తాడు."

"ఒకవేళ ఇప్పుడు కూడా రాయకపోతే?"

ఆవిడ తర్వాతి ప్లేటు మైక్రోస్కోపు కింద పెట్టుకుందట.

గురువారం మధ్యాహ్నం ఆయన వచ్చాడు. ఒక్కడే వచ్చాడు, కోటు లేదు, గడ్డం గీసుకోలేదు. కుర్చీలో కూర్చుని పాత కాగితం దగ్గరికి లాక్కున్నాడు. ముప్పై ఎనిమిది గొట్టాలు. రాత్రంతా ఫ్రిజ్‌లో. నా ఆదేశం మీద. 'ఎవరి వల్ల' అన్న చోటికి వచ్చి ఆగాడు.

"ఇక్కడేం రాయమంటావు?"

"మీ రిపోర్టులో ఏం రాశారో అదే మాట. పేరు మాత్రం మార్చండి."

రాశాడు. కొత్తది కూడా రాశాడు. లేచి వెళ్తూ తలుపు దగ్గర, "తృప్తిగా ఉందా?" అన్నాడు.

"ఉంది సార్," అంది. తర్వాత మాతో అంది: అబద్ధం చెప్పలేదు, అప్పుడు నిజంగానే ఉంది, అరికాళ్ల నుంచి నెత్తిదాకా ఉంది.

శుక్రవారం ఇరవై నలుగురిలో ఇరవై ఒక్కమందే దొరికారు. ముగ్గురు దొరకలేదు. మంగళవారం పిలిచి ఉంటే దొరికేవాళ్లు. బుధవారం ఉదయం ఒకతను ఓడ ఎక్కి పనికి వెళ్లిపోయాడు, మిగతా ఇద్దరూ ఊళ్లోంచి వెళ్లిపోయారు. ఆ ముగ్గురి లోటు పెద్దసారు ఖాతాలో వేయడానికి నేను చాలా ప్రయత్నించాను. పెట్టె ఫ్రిజ్‌లో పెట్టించడం వరకే ఆయనది. మిగతాది మా పెద్దమ్మది.

టీకా సంగతి అడుగుతారేమో, చెప్పేస్తాను. అది ఆ తర్వాత ఏడాదికి ఆగిపోయింది. చుక్కలు వచ్చాయి, కానీ చాలినన్ని రాలేదు. ఎవరికి టీకా, ఎవరికి ఉప్పునీళ్లు అన్న జాబితా బయటపెట్టిన రోజు మా పెద్దమ్మ లెక్కలో ఒక్క అంకె మీద కూడా ఎవరూ నోరెత్తలేకపోయారు. ఆ రోజు ఆవిడ సంబరపడుతుందని మా అమ్మ కేకు తెచ్చింది. పెద్దమ్మ తినలేదు. ఇంకోటి పోయింది, అంది. అంతే.

కానీ అంతకు ముందే, ఆ గురువారం గడిచిన నెల రోజులకు, ఎవరూ అనుకోనిది జరిగింది. పాత తప్పు కాగితం కమిటీకి చేరగానే వాళ్లు పాత రిపోర్టు సరిచేశారు, పెద్దమ్మ పేరు తీసేశారు. అక్కడితో అయిపోతుందని ఆవిడ అనుకుంది. కానీ నియమం ఇంకోటి ఉంది. వాలంటీరు రక్తం విషయంలో తప్పు జరిగిందని తేలితే ఆ మాట వాలంటీరుకి చెప్పి తీరాలి. ముప్పై ఎనిమిది మందికీ ఉత్తరాలు వెళ్లాయి. వివరాలు కావాలంటే అడగండి అని కింద మా పెద్దమ్మ ల్యాబు చిరునామా.

ఒకావిడ వచ్చింది. బస్సు కండక్టరు. డ్యూటీ మధ్యలో వచ్చిందేమో, యూనిఫాం మీదే ఉంది, టికెట్ల సంచి భుజాన ఉంది. యాభై దాటిన మనిషి. ఉత్తరం బల్ల మీద పరిచింది. ఆ రోజు నేను పెదనాన్న ఇచ్చిన మందులు ఇవ్వడానికి వెళ్లి అక్కడే ఉన్నాను.

"ఇది నాకే వచ్చిందా, ఇంకెవరిదన్నా నాకొచ్చిందా?"

"మీకేనండి," అంది పెద్దమ్మ.

"మా తమ్ముడు ఆ జబ్బుతోనే పోయాడు. అందుకే నేను చెయ్యి చాపాను. ఎనిమిదిసార్లు రక్తమిచ్చాను. చివర్లో పిలిచి, మీ రక్తంలో ఏమీ రాలేదమ్మా అన్నారు. పదమూడేళ్లు నేనేమనుకున్నానో తెలుసా? నా రక్తమే పనికిమాలినది అనుకున్నాను. తమ్ముడి విషయంలోనూ నా వల్ల ఏమీ కాలేదు, ఇక్కడా కాలేదు అనుకున్నాను."

"మీ రక్తం తప్పేమీ లేదు. ఫ్రిజ్‌లో పెట్టారు. అలా పెట్టించినాయన తన చేత్తో రాసి ఇచ్చాడు. చూడండి." పెద్దమ్మ ఆ కాగితం నకలు చూపించింది. ఎంత ఆశగా చూపించిందో నేను చూశాను. ఇన్నాళ్లు దాచుకున్న మిఠాయి ఎదుటివాళ్ల నోట్లో పెడుతున్నట్టు.

కండక్టరు నెమ్మదిగా చదివింది. రెండుసార్లు చదివింది.

"నీకెప్పుడు తెలిసింది డాక్టరమ్మా?"

"ఏది?"

"ఫ్రిజ్ సంగతి. నీకు ఎప్పుడు తెలిసింది?"

పెద్దమ్మ కళ్లజోడు తీసింది. "మర్నాడే."

"మర్నాడే తెలిసిందా?" కండక్టరు గొంతు పెంచలేదు. బస్సులో పాత టికెట్టు చూపించినవాణ్ణి అడిగినట్టు అడిగింది. "మరి నాకెందుకు చెప్పలేదు?"

"సాక్ష్యం లేదండి. ఆయన ఒప్పుకోలేదు. నా మాట ఎవరూ..."

అప్పుడు టెక్నీషియన్ నోరు విప్పాడు. పదేళ్లు శుక్రవారం శుక్రవారం చెవులు ఎర్రబడ్డ మనిషి. "నేనున్నాను మేడమ్. రాస్తానన్నాను. మీరే వద్దన్నారు."

అతను కసిగా అనలేదు. కసిగా అన్నా బాగుండేది.

పెద్దమ్మ అతనికి ఏ జవాబైనా ఇచ్చి ఉంటే నేను ఆవిడ తరఫున పోట్లాడేవాణ్ణి. ఆవిడ సొరుగు తీసి ఖాళీ తప్పు కాగితం ఒకటి తీసింది. రాయడం మొదలుపెట్టింది. ఏం జరిగింది అన్న చోట: వాలంటీర్ల రక్తం ఫ్రిజ్‌లో పెట్టారని తెలిసి, తర్వాత సాక్షి సిద్ధంగా ఉండి కూడా, వాళ్లకి చెప్పలేదు. ఎంతకాలం అన్న చోట: పదమూడేళ్లు. కింద ఇంకో వరస రాసింది: కొత్త ప్రయోగంలో మళ్లీ పిలవడం సోమవారం నుంచి గురువారం దాకా ఆపాను, ముగ్గురు దొరకలేదు. ఎందుకు అన్న చోట పెన్ను చాలాసేపు ఆగింది. చివరికి ఒక్క మాట రాసింది: పగ.

కాగితం కండక్టరు వైపు తిప్పింది. ఆవిడ చదివి, వేలితో కింద తట్టింది.

"సంతకం పెట్టలేదు."

పెద్దమ్మ పెట్టింది.

"ఇది నన్నేం చేసుకోమంటావు?"

"కమిటీకి నేనే పంపుతాను. మీకో నకలు. ఏం చెయ్యాలో మీ ఇష్టం."

కండక్టరు నకలు మడిచి టికెట్ల సంచిలో పెట్టుకుంది. పర్వాలేదనీ అనలేదు, వదిలేశాననీ అనలేదు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"నీ సంగతి తర్వాత చూస్తాను. ఆ ఫ్రిజ్ ఆయన ఎక్కడ దొరుకుతాడు?"

మా పెద్దమ్మ మొహంలోకి కొంచెం రంగు వచ్చింది. చిరునామా రాసి ఇచ్చింది. అంతటితో ఊరుకోలేదు. "మంగళవారాలు పదకొండింటికి కచ్చితంగా ఉంటారు. ముందు తలుపు నుంచి వెళ్తే లేరని చెప్తారు, పక్క మెట్ల మీద నుంచి రెండో అంతస్తుకి వెళ్లండి. బయట కుర్చీలుంటాయి, కూర్చోమంటారు. కూర్చోకండి. కూర్చున్నవాళ్లని సాయంత్రం దాకా పిలవరు."

"నాది రోజంతా నిలబడే ఉద్యోగమమ్మా," అని కండక్టరు మెట్లు దిగింది.